రాజుగారి కుచ్చుల కాలరు

నాటకాల కంపెనీ మేడ మీద, వాలు కప్పు కింద, తెల్లటి కుచ్చులు ఆరేసిన గది ఒకటుంది. మధ్యాహ్నం పూట తలుపు తోసి చూస్తే ముందు మనిషి కనబడదు, ఆవిరి కనబడుతుంది. ఆ ఆవిరిలో కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంటుంది కుచ్చులమ్మ. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ముచ్చటపడి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, కంపెనీలో ఎవరికీ దాని అవసరం పడలేదు. పాతికేళ్ళుగా అందరికీ ఆవిడ కుచ్చులమ్మే. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని గౌరవంగా పిలుస్తారు, ఆవిడా గౌరవంగానే పలుకుతుంది.

ఆ కంపెనీ ఆడేవన్నీ పాతకాలపు రాజుల నాటకాలు. ఆ రాజుల కాలం మనుషులకి ఖాళీ అంచు కనబడితే నిద్రపట్టేది కాదేమో అనిపిస్తుంది ఆ సామాను చూస్తే. చొక్కా చేతులకి కుచ్చులు, టోపీలకి కుచ్చులు, మంచం పందిరికి కుచ్చులు, దిండుకి నాలుగు వైపులా కుచ్చులు. ఆఖరికి కుర్చీ కాళ్ళు కూడా సిగ్గుపడినట్టు కుచ్చుల గాగరా కట్టుకుని ఉంటాయి. వాటన్నిటినీ ఉతికి, గంజిపెట్టి, మడత మడతనీ మళ్ళీ నిలబెట్టడం ఒక్క కుచ్చులమ్మ పని. వారం తిరిగేసరికి చెమటకీ, రంగులకీ, నటుల నిర్లక్ష్యానికీ అవన్నీ తోటకూర కాడల్లా వాలిపోయి మళ్ళీ ఆవిడ దగ్గరకే వస్తాయి.

అన్నిటిలోకీ కష్టమైనది రాజుగారి కాలరు. మెడ చుట్టూ పళ్ళెంలా నిలబడాలి అది. పల్చటి నూలు గుడ్డని పొడవాటి పట్టీగా కత్తిరించి, గంజిలో ముంచి పిండి, ఇంకా తడిగా ఉండగానే మడతలుగా కూర్చి, మెడపట్టీకి కుట్టాలి. అప్పుడు పొయ్యి మీద కాలిన ఇనపకడ్డీ తీసి ఒక్కో మడతలోకి దూర్చాలి. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. కడ్డీ తీసేసరికి ఆ మడత గుండ్రంగా, గట్టిగా, సున్నా చుట్టినట్టు నిలబడి ఉంటుంది. కడ్డీ వేడి కాస్త ఎక్కువైతే గుడ్డ గోధుమరంగుకి తిరుగుతుంది, తక్కువైతే మడత వేదిక మీద రాజుగారి కంటే ముందే పడిపోతుంది. అందుకని ప్రతిసారీ పాత గుడ్డముక్క మీద కడ్డీ ఆనించి చూసుకుంటుంది. అంత జాగ్రత్తా చేతులదే. మనసు మాత్రం అక్కడ ఉండదు.

మనసు ఎక్కడికి పోతుందో ఆవిడే చెప్పలేదు. ఆవిరి లేచిన కొద్దీ గది గోడలు వెనక్కి జరుగుతున్నట్టుంటుంది. పొడవాటి వసారా ఒకటి కనబడుతుంది, దాని నిండా కిటికీలు, ప్రతి కిటికీకీ కుచ్చుల తెరలు. ఎవరూ లేరు, గాలి మాత్రం ఉంది. తెరల అంచులు ఒకదాని తరవాత ఒకటి కదులుతుంటాయి, ఎవరో చేత్తో తడుముకుంటూ నడిచి వెళుతున్నట్టు. ఆ మనిషి వెనకే ఈవిడ కూడా నడుస్తుంటుంది. ఎప్పుడూ చివరిదాకా వెళ్ళలేదు. కింద నుంచి ఎవరో టీ తాగుతావా అని కేకేస్తారు, వసారా మాయమవుతుంది, చూసుకుంటే కాలరులో సగం మడతలు నిలబడి ఉంటాయి. కలలో చేసిన పని అంత తిన్నగా ఎలా వస్తుందని మేకప్ అక్క ముక్కున వేలేసుకునేది.

ఇంతకీ ఆ కాలరు పెట్టుకునే రాజు ఎవరో కాదు, కుచ్చులమ్మ సొంత అన్నయ్య. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని చెయ్యిపట్టుకుని ఈ కంపెనీకి తీసుకొచ్చినవాడు. వచ్చినప్పుడు భటుడి వేషం. నిలువెత్తు మనిషి, కంచుగొంతు, స్తంభం లాంటి మెడ. నాలుగేళ్ళు తిరక్కుండా రాజయ్యాడు, ఇక దిగలేదు. బయట కూడా అందరూ రాజావారనే పిలుస్తారు. ఆయనకీ రాచరికం కొంచెం వంటబట్టింది. కోపం ముక్కు మీద ఉంటుంది, సలహా చెవిన పెట్టడు, తప్పు జరిగితే అది ఎప్పుడూ ఎదుటివాళ్ళదే. అన్నీ ఒక ఎత్తు, చెల్లెలు ఒక ఎత్తు. వదిన పోయినప్పటి నుంచి అన్నాచెల్లెళ్ళిద్దరూ కంపెనీ వెనక సందులో రెండు గదుల్లో ఉంటున్నారు. ఆట ఉన్న రోజు ఆయన మెడకి కాలరు పెట్టి, వెనక కొక్కేలు బిగించేది చెల్లెలే. ఆ పని ఇంకెవరినీ చెయ్యనివ్వడు.

కుచ్చులమ్మకి పని నేర్పినవాడు పెద్ద టైలరు. ఇప్పుడు లేడు. కుట్టుపనితో పాటు ఆయన ఒక కట్టుబాటు కూడా నేర్పి పోయాడు, ఆ కంపెనీ బట్టల గదిలో అది ఇప్పటికీ చెల్లుతుంది.

"ఆర్టిస్టుకి లావయ్యావని చెప్పావనుకో, ఆరోజు డైలాగు మర్చిపోతాడు. చిక్కిపోయావని చెప్పావనుకో, అద్దం ముందు నుంచి లేవడు. ఎందుకమ్మా మనకి? వదులైతే కుట్టెయ్, బిగుతైతే విప్పెయ్. నోరు మాత్రం విప్పకు," అనేవాడాయన.

కుచ్చులమ్మ అలాగే చేసింది. రాణిగారి నడుము ఏడాదికోసారి పెరిగినా రాణిగారికి తెలియదు. మంత్రిగారి పొట్ట తగ్గినా మంత్రిగారికి తెలియదు. ఎవరికి వాళ్ళు తాము పెళ్ళినాటిలాగే ఉన్నామని నమ్ముకుని హాయిగా వేషాలు కడుతున్నారు.

ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో రాజుగారి కాలరు కొంచెం జారింది. ఆట మధ్యలో ఒక వైపుకి ఒరిగింది. తెరచాటు నుంచి చూసిన కుచ్చులమ్మకి ప్రాణం చివుక్కుమంది. కొక్కెం సాగి ఉంటుందనుకుంది. మర్నాడు పట్టీ విప్పి, ఒక మడత తీసేసి, పట్టీని అంతమేర కురచ చేసి కుట్టింది. కాలరు మళ్ళీ పొగరుగా నిలబడింది. అన్నయ్యకి చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు, అది అలవాటైన పని.

కొన్నాళ్ళకి మళ్ళీ జారింది. మళ్ళీ ఒక మడత తీసింది. చలి వచ్చాక ఇంకొకటి. అప్పటికి ఇంట్లో ఆయన కంచంలో సగం వదిలేస్తున్నాడు. మెట్లెక్కితే మధ్యలో ఆగి, గోడ మీద బొమ్మేదో చూస్తున్నట్టు నటిస్తున్నాడు. గోడ మీద బొమ్మలేవీ లేవు. మొహం చూద్దామంటే రాజు వేషానికని పెంచిన గడ్డం బుగ్గల్ని కప్పేసింది. ఒళ్ళు చూద్దామంటే వేదిక మీద దూది కూరిన అంగీ, ఇంట్లో ఎప్పుడూ వదులు చొక్కాలే. మనిషి మొత్తంలో బయటికి తెలిసేది ఆ మెడ ఒక్కటే, దాన్నేమో చెల్లెలు కుచ్చుల్లో దాచేస్తోంది.

మేకప్ అక్క ఒకరోజు ఉండబట్టలేక అంది. "రాజావారూ, కాస్త చిక్కినట్టున్నారే?"

ఆయన గట్టిగా నవ్వాడు. కాలరుకీ మెడకీ మధ్య వేలు దూర్చబోయాడు. దూరలేదు.

"చూశావా? పోయినేడూ ఇంతే బిగుతు, ఈ ఏడూ ఇంతే బిగుతు. మనిషి చిక్కితే ముందు మెడ చిక్కుతుంది. నాకు వేరే డాక్టరెందుకు, నా కాలరే నా డాక్టరు," అన్నాడు.

వెనక నిలబడి కొక్కేలు బిగిస్తోంది కుచ్చులమ్మ. అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ గంట మోగింది, తెర లేచింది, ఆయన కంచుగొంతు హాలంతా నిండింది, చెప్పాల్సిన మాట ఆ గొంతులో కొట్టుకుపోయింది. ఆ రాత్రి ఇంటికి నడుస్తూ, "అన్నయ్యా, ఎందుకైనా మంచిది, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం," అని మాత్రం అంది.

"మేకప్ పిల్ల మాటకి నువ్వు కూడా తాళం వెయ్యకు. కాలరు నీ చేతుల్లోదేగా, నీకు తెలీదా నేనెలా ఉన్నానో?"

తెలుసు. ఆవిడకొక్కదానికే తెలుసు. చెప్పడానికి భయం ఎందుకంటే, పైకి అన్నాక అది నిజమైపోతుంది. అనకుండా ఉన్నంతకాలం అది కొక్కెం సాగడమే, పాత గుడ్డ వదులవడమే, వాన చెమ్మే. అలా ఆవిడ తనకి తానే సర్దిచెప్పుకుంటూ ఇంకో మడత తీసింది. ఆవిరిలో కనబడే వసారాలో కూడా ఈమధ్య కుచ్చులు తగ్గిపోతున్నాయి. కిటికీలున్నాయి, తెరలున్నాయి, అంచులు మాత్రం బోడిగా వేలాడుతున్నాయి. ముందు నడిచే మనిషి అడుగుల చప్పుడు మెత్తబడిపోయింది. కుచ్చులమ్మ ఉలిక్కిపడి లేచి కిటికీ తెరిచేది.

ఎండలు ముదరకముందే కాలరు మడతలన్నీ విప్పి ఉతికి, గంజిపెట్టి మళ్ళీ మొదటి నుంచి కూర్చాల్సిన రోజు వచ్చింది. ఏడాదికోసారి చేసే పని అది. అప్పుడు కాలరుని బల్ల మీద కాదు, కొయ్యమెడ మీద ఆరబెట్టాలి. రాజు వేషం కట్టిన మొదటి ఏడాది పెద్ద టైలరు అన్నయ్య మెడ కొలిచి, ఆ లావున గుండ్రంగా చెక్కించిన కొయ్యదుంగ అది. బీరువా మీద నుంచి దించి, దుమ్ము తుడిచి, తడి కాలరు దాని చుట్టూ తిప్పింది కుచ్చులమ్మ. కొక్కెం వేయబోయింది.

అందలేదు. ఇంకొంచెం లాగింది. పట్టీ రెండు కొసలూ దుంగకి ఆ పక్కన ఒకటీ ఈ పక్కన ఒకటీ ఆగిపోయాయి. మధ్యలో ఆవిడ అరచెయ్యి అడ్డంగా పట్టేంత ఖాళీ. ఒక్కో మడత తీసినప్పుడు అది ఒక్క మడతే, చిన్న ముక్కే. అన్నీ కలిసి ఇంతవుతాయని ఎప్పుడూ లెక్కేసుకోలేదు. ఇప్పుడు కళ్ళముందు, బోడి కొయ్య మీద, తన అన్నయ్య ఎంత మాయమయ్యాడో అంతా కనబడింది. ఆవిడ ఆ ఖాళీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. గంజినీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి నేల మీద పడుతున్నాయి. ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

ఆ కాలరుని పక్కన పడేసి కొత్త గుడ్డ తీసింది. కొయ్యమెడకి సరిపడా పట్టీ కత్తిరించింది. నాలుగు రోజులు పట్టింది ఆ పనికి. ఆ నాలుగు రోజులూ ఆవిరి లేచినా గది గోడలు కదల్లేదు, వసారా రాలేదు. బుద్ధిగా, మెలకువగా, ఒక్కో మడతనీ కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూ పని చేసింది. అంత అందమైన కాలరు ఆ కంపెనీలో అంతకుముందు ఎవరూ చూడలేదు. నీలం చుక్క కలిపిన గంజికి కుచ్చులు చన్నీళ్ళలా మెరిశాయి. దాన్ని చూసి మేకప్ అక్క దిష్టి తగులుతుందని నవ్వింది. కుచ్చులమ్మ నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి ముందు అన్నయ్య అద్దం ముందు, కుచ్చుల కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడి కొత్త కాలరు మెడకి చుట్టి, కొక్కేలు పెట్టి, చేతులు తీసేసింది. కాలరు మెల్లిగా కిందికి దిగి భుజాల మీద కూర్చుంది. మధ్యలోంచి మెడ సన్నగా పైకి కనబడింది.

రాజుగారు అద్దంలో చూసి నవ్వాడు. "ఎవరిదే ఇది? ఏ ఏనుక్కి కుట్టావు?"

"నీదే అన్నయ్యా."

"నాది ఇంత వదులెందుకుంటుంది? కొలత తప్పావు."

"తప్పలేదు. పెద్ద టైలరు చెక్కించిన కొలతే. నువ్వు తప్పావు కొలత." అని అక్కడితో ఆగలేదు. "వానలప్పుడు ఒక మడత తీశాను. తరవాత ఇంకోటి. చలికాలంలో రెండు. ప్రతిసారీ నీకు తెలీకుండా బిగించేశాను. నీ పాత కాలరు ఇప్పుడు ఆ కొయ్యకి పట్టట్లేదు. వేలు దూరట్లేదని నువ్వు నవ్వుతుంటే వెనక నిలబడి నోరు మూసుకున్నాను. నన్ను తిట్టు. తిట్టి, డాక్టరు దగ్గరకి పద."

ఆయన తిట్టలేదు. వేళ్ళు నాలుగూ కలిపి కాలరులోకి దూర్చాడు. చెయ్యంతా దూరింది. ఇటు నుంచి అటు తిప్పి చూసుకున్నాడు. గడ్డంలోకి వేళ్ళు పోనిచ్చి బుగ్గ ఎముక తడుముకున్నాడు. అద్దంలో ఎవరో కొత్త మనిషి పరిచయమైనట్టు చూశాడు. అలా చూస్తుండగానే మొదటి గంట మోగింది.

"బిగించు," అన్నాడు చివరికి. "ఈ ఒక్క ఆటకీ బిగించు. మిగతాది తరవాత చూద్దాం."

"బిగించను."

ఆ మాట ఆయన చెల్లెలి నోట ఎప్పుడూ వినలేదు. "జనం నవ్వుతారే."

"నవ్వనీ."

నవ్వారు కూడా. రాజు కోపంగా తల తిప్పినప్పుడు కాలరు తిరగలేదు, తల ఒక్కటే తిరిగింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకో ఇద్దరు అందుకున్నారు. తెరచాటున కుచ్చులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆ నవ్వు తన వీపు మీద పడుతున్నట్టే ఉంది. రాజుగారు ఒక్క క్షణం ఆగాడు. ఆగి, రెండు చేతులతో కాలరు పట్టుకుని, తిన్నగా జరుపుకుని, మిగతా డైలాగంతా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. మర్నాడు పొద్దున్న చెల్లెలు లేచేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పదవే," అన్నాడు.

డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. పరీక్షలన్నీ అయ్యాక చిక్కడం ఎప్పుడు మొదలైందని అడిగాడు. రాజుగారు చెల్లెలి వైపు చూశాడు. కుచ్చులమ్మే చెప్పింది, ఏ నెల్లో ఎంత, ఏ నెల్లో ఎంత. డాక్టరు రాసుకుంటూ మధ్యలో ఆగి ఆవిడ వైపు చూశాడు. "ఇంత బాగా తెలిసినవాళ్ళు అప్పుడే తీసుకురావాల్సిందమ్మా," అన్నాడు.

ఆవిడ తల దించుకుంది. పక్క నుంచి అన్నయ్య, "ఆవిడ రమ్మనే చెప్పిందండీ, నేనే వినలేదు," అన్నాడు. ఒక్కసారి చెప్పిన మాట నిజమే. మిగతాదంతా ఆయన మింగేశాడు. జీవితంలో మొదటిసారి తప్పు తన మీద వేసుకున్నాడు రాజు. అది చూసి కుచ్చులమ్మకి అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆలస్యమైంది గానీ చెయ్యిదాటలేదన్నాడు డాక్టరు. మందు పనిచేస్తే చిక్కడం ఆగుతుంది, ఆగకపోతే వెంటనే రావాలి, ఆపరేషను చెయ్యాల్సి ఉంటుంది. వారంవారం చూసుకుంటుండండి అన్నాడు. తూకం యంత్రం ఎక్కనన్నాడు రాజుగారు, చెల్లెలి చేతిని తప్ప దేన్నీ నమ్మనన్నాడు, అందుకని ప్రతి ఆదివారం ఆవిడే టేపుతో మెడ కొలిచేది. కంపెనీలో ఇంకొకతను రాజయ్యాడు. అన్నయ్య మాత్రం ఇంట్లో కిటికీ దగ్గర పడక్కుర్చీ వేసుకుని, గడ్డం తీయించేసి, సందులో పోయే మనుషుల్ని చూస్తూ కూర్చునేవాడు. కుచ్చులమ్మ పని నుంచి మధ్యలో వచ్చి మందులిచ్చి వెళ్ళేది. మేడ మీద గదిలో వసారా మళ్ళీ కనబడసాగింది. ముందు నడిచే మనిషి అప్పుడప్పుడు ఆగి, ఈవిడ కోసం చూస్తున్నట్టుండేది.

మొదటి వారం మెడ అంతే ఉంది. రెండో వారమూ అంతే. ఇద్దరూ ఆరోజు కాస్త తీపి తిన్నారు. మూడో ఆదివారం ఎండ పల్చగా ఉన్న వేళ, ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. చెల్లెలు వెనక నిలబడి టేపు చుట్టింది. గీత ఎక్కడికి వచ్చిందో చూసింది. మళ్ళీ చుట్టింది. రెండోసారీ అదే గీత, పోయిన వారం దానికంటే తక్కువే.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. టేపు కొంచెం వదులు చేస్తే చాలు, నిరుటి గీత దగ్గరకి పోనక్కర్లేదు, పోయిన వారం గీత దగ్గరకి వస్తే చాలు. ఆవిడ వేళ్ళకి ఆ పని కొత్త కాదు. బొటనవేలు అప్పటికే సగం జరిగింది. సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. బొటనవేలు వెనక్కి తీసి, టేపు మెడకి ఆనించి పట్టుకుంది.

"ఎంత?" అన్నాడాయన.

"తగ్గింది అన్నయ్యా."

"బాగానా?"

"అర వేలు వెడల్పు."

ఆయన ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, టేపుతో పాటే, గొంతు దగ్గర అలాగే పట్టుకున్నాడు.

"సరే," అన్నాడు. "నా చెప్పులు ఎక్కడ పెట్టావే?"